పెట్టె మీద 25,000 గంటలు, లోపల 2,000 గంటలు

ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీద ఆయుష్షు 25,000 గంటలని వేస్తారు. రోజుకు ఆరు గంటల లెక్కన పదకొండేళ్ల పైమాట. ఇళ్లలో చూస్తే హాల్లోది రెండేళ్లకు పోతుంది, బాత్రూమ్‌లో గాజు డోము లోపల పెట్టింది ఏడాది తిరక్కుండానే పోతుంది. పోయినదాన్ని పారేసేముందు ఒకసారి పైమూత తీసి చూడండి. పదకొండు ఎల్‌ఈడీలుంటే పది నిక్షేపంగా ఉంటాయి. పదకొండోదాని పసుపుపచ్చ ముఖం మీద ఆవగింజలో సగమంత నల్లచుక్క కనిపిస్తుంది. అన్నీ ఒకే గొలుసులో ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క లింకు తెగితే మొత్తం చీకటి. చుక్క ఎక్కడా లేదంటే అనుమానం కింద హోల్డర్ వైపున్న డ్రైవర్ మీదికి, అంటే మెయిన్స్ కరెంటును ఎల్‌ఈడీలకు తగ్గట్టు మార్చే సర్క్యూట్ మీదికి పోవాలి.

మరి ఆ 25,000 ఎక్కడిది? అది ఎల్‌ఈడీ చిప్పు లెక్క. చిప్పు వెలుతురు మొదట్లో ఉన్నదానిలో 70 శాతానికి పడిపోయేదాకా పట్టే కాలాన్ని ఎల్70 అంటారు. ఎల్ఎం-80 అనే పద్ధతిలో చిప్పుల్ని నిర్ణీత వేడిలో కనీసం 6,000 గంటలు, అంటే ఎనిమిది నెలల పైచిలుకు, వెలిగించి చూస్తారు. తర్వాత టీఎం-21 అనే లెక్క ప్రకారం ఆ గీతను ముందుకు పొడిగిస్తారు. నమూనాలు తగినన్ని ఉంటే పరీక్షించిన కాలానికి ఆరు రెట్ల దాకా పొడిగించవచ్చు. ఇందులో మోసమేమీ లేదు, ఇంజినీర్లందరూ ఒప్పుకున్న పద్ధతే. కాకపోతే ఆ పరీక్షకు కూర్చున్నది చిప్పు ఒక్కటే. దాని పక్కన ఉడికిపోయే కెపాసిటర్ ఆ గదిలోకి అడుగే పెట్టలేదు.

డ్రైవర్‌లో నిలువుగా, చిటికెన వేలి గోరంత డబ్బా ఒకటి ఉంటుంది. దాని మీద 4.7 మైక్రోఫారడ్, 400 వోల్టులు, 105 డిగ్రీలు అని రాసి ఉంటుంది. ఫ్యాన్ మెకానిక్కులు కండెన్సర్ అనేదానికి ఇది చుట్టమే, కానీ లోపల ద్రవం ఉన్న రకం. చౌక రకానికి 105 డిగ్రీల దగ్గర ఆయుష్షు 2,000 గంటలు. వేడి పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ అది సుమారుగా రెట్టింపవుతుంది: 95 దగ్గర 4,000, 85 దగ్గర 8,000, 75 దగ్గర 16,000, 65 దగ్గర 32,000. గాలాడని డోములో, తల కిందులుగా వేలాడే 9 వాట్ల బల్బు మెడ దగ్గర 90 దాటడం మామూలే. రోజుకు ఆరు గంటలంటే ఏడాదికి 2,190 గంటలు. ఇక 95 డిగ్రీల వరస చూసుకోండి, రెండేళ్లు కూడా నిండవు. గంటలు నిండగానే ఢామ్మని పేలదు. లోపలి ద్రవం ఎండిపోతూ కెపాసిటీ తగ్గుతుంది, వెలుతురు వణకడం మొదలవుతుంది. ఫోన్ కెమెరాలో చూస్తే తెర మీద నల్లటి పట్టీలు పాకుతుంటాయి. ఆ వణుకుడుతో కొన్నాళ్లు నడిచి, ఒకరోజు డ్రైవర్‌ను నడిపే బుల్లి చిప్పును, అంటే ఐసీని కూడా వెంట తీసుకుపోతుంది.

చౌకయ్యేకొద్దీ ఏం తీసేశారు

కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ బల్బులు కొన్న ధర 2014లో 310 రూపాయలు. 2016కల్లా 38 రూపాయలకు దిగింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ఆ ధర తగ్గుదలలో పెద్ద వాటా చిప్పులు నిజంగానే చౌకైనందువల్ల, కోట్లలో కొన్నందువల్ల వచ్చింది. ఆ పుణ్యాన ఊళ్లలో 60 వాట్ల గాజు బల్బులు మాయమయ్యాయి, దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ కొట్లో ధర ఒకసారి దిగాక, ఆ ధర దగ్గరే లాభం చూసుకోవాలంటే ప్రతి కంపెనీ ఏదో ఒకటి గీకాల్సిందే.

మొదట గీకింది అల్యూమినియాన్ని. తొలినాటి ఎల్‌ఈడీ బల్బులకు ఒళ్లంతా రెక్కల్లాంటి లోహపు మడతలుండేవి, చేతిలో పట్టుకుంటే బరువు తెలిసేది. ఇప్పుడు బయట ప్లాస్టిక్, లోపల పల్చటి అల్యూమినియం గిన్నె. తర్వాత ఎల్‌ఈడీల సంఖ్య. అదే 9 వాట్లకు ఒకప్పుడు 18, 20 దాకా వేసేవాళ్లు, ఇప్పుడు తొమ్మిది నుంచి పన్నెండుతో సరిపెడుతున్నారు. ఒక్కోదాని నెత్తిన మోత రెట్టింపు. చిప్పును బోర్డుకు కలిపే లోపలి తీగ వెంట్రుక కన్నా సన్నం. స్విచ్చి వేసినప్పుడల్లా వేడెక్కి సాగుతుంది, ఆపినప్పుడల్లా చల్లారి ముడుచుకుంటుంది. ఎంత వేడెక్కితే అంత సాగుతుంది. ఒకరోజు తెగుతుంది.

చివరి పొదుపు డీఓబీ, అంటే డ్రైవర్ ఆన్ బోర్డ్. విడిగా డ్రైవరే ఉండదు, ఎల్‌ఈడీలున్న అల్యూమినియం బోర్డు మీదే ఐసీ, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి అన్నీ కూర్చుంటాయి. చుట్టూ ఎల్‌ఈడీలు, నడుమ కెపాసిటర్. పొయ్యి మధ్యలో నెయ్యి గిన్నె పెట్టినట్టు. బోర్డు విడిగా ఇరవై రూపాయల లోపే దొరుకుతుంది కాబట్టి బల్బు మెకానిక్కులు పాత బోర్డు పీకి కొత్తది నొక్కి ఇచ్చేస్తున్నారు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే వాటేజీల వారీగా ఇస్తారు. పని సులువే, కానీ అదే పొయ్యిలో అదే గిన్నె.

విప్పి చూసే పద్ధతి

జాగ్రత్త మొదట చెప్పాలి. ఈ బల్బుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఎల్‌ఈడీల దాకా నేరుగా మెయిన్స్ కరెంటే. మూత తీసిన బల్బును వెలిగించి వేలు పెడితే షాక్ ఖాయం. హోల్డర్ నుంచి తీసేశాక కూడా కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్‌ను దాని రెండు కాళ్లకు కొన్ని క్షణాలు తగిలించి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. బాగు చేశాక మొదటిసారి కరెంటు ఇచ్చేది సిరీస్ బోర్డు మీదే, 60 వాట్ల పాత గాజు బల్బు వరసలో పెట్టి. ఎక్కడైనా షార్ట్ ఉంటే గాజు బల్బు నిండుగా వెలిగి చెప్పేస్తుంది, మెయిన్ ఫ్యూజు మిగులుతుంది.

తెల్లటి మూత సిలికాన్ జిగురుతో అతికి ఉంటుంది. రెండు అరచేతులతో నొక్కి మెలిపెడితే చాలావరకు ఊడొస్తుంది. రాకపోతే పల్చటి చాకు మొన అంచు వెంట తిప్పాలి.

మామూలు మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో ఈ ఎల్‌ఈడీలు వెలగవు. అది చూసి అన్నీ పోయాయని అనుకోకూడదు. మీటర్ ఇచ్చేది రెండు మూడు వోల్టులు, ఈ ఎల్‌ఈడీ ఒక్కోదాని లోపల మూడు చిప్పులు వరసగా ఉంటే 9 వోల్టులు కావాలి, ఆరుంటే 18. తొమ్మిది వోల్టులవాటికి 12 వోల్టుల అడాప్టర్, దాని వరసలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ చాలు, మూడు నాలుగు మిల్లీ ఆంపియర్లకే చక్కగా వెలుగుతాయి. 18 వోల్టులవాటికి 24 వోల్టుల అడాప్టర్ కావాలి. డీఓబీ బోర్డుల్లో 18, 36 వోల్టులవే ఎక్కువ కాబట్టి, తరచూ చేసేవాళ్లకు టీవీ బ్యాక్‌లైట్ టెస్టర్ ఒకటి ఉంటే గొడవుండదు.

లక్షణాన్ని బట్టి కూడా చాలా తెలుస్తుంది. వేసిన కాసేపటికి ఆరిపోయి, చల్లారాక మళ్లీ వెలుగుతోందంటే తీగ తెగిన ఎల్‌ఈడీ లేదా టంకం విడిన కాలు. క్షణానికోసారి మిణుకు మిణుకుమంటుంటే గొలుసు ఎక్కడో తెగింది, డ్రైవర్ ప్రయత్నించి ఆగి, మళ్లీ ప్రయత్నిస్తోంది. నెలల తరబడి మెల్లగా మసకబారితే ఐసీ కూడా లేని బాగా చౌక రకం అనుకోవచ్చు. అందులో మెయిన్స్‌ను తగ్గించేది ఒక ఫిల్మ్ కెపాసిటర్, దాని విలువ పడిపోయేకొద్దీ కరెంటు తగ్గుతుంది. అసలు చలనమే లేకపోతే ముందు కరెంటు లోపలికి వచ్చే చోటున్న చిన్న ఫ్యూజిబుల్ రెసిస్టర్, అంటే ఫ్యూజులా పనిచేసే రెసిస్టర్ చూడాలి. అది ఊరికే పోదు. చాలావరకు బ్రిడ్జి గానీ ఐసీ గానీ షార్టయితేనే పోతుంది. రెసిస్టర్ ఒక్కటీ మార్చి కరెంటిస్తే రెండోది కూడా అదే దారి పడుతుంది.

పోయిన ఎల్‌ఈడీ చోట రెండు కాళ్లనూ తీగతో కలిపేయడం చాలామంది చేసే పని. డ్రైవర్ విడిగా, కాయిల్‌తో ఉన్న బల్బులో అది నడుస్తుంది. గొలుసు 99 నుంచి 90 వోల్టులకు దిగుతుంది, డ్రైవర్ కరెంటును అంతే ఉంచుతుంది. కాయిల్ లేని డీఓబీలో ఆ పని చేయకూడదు. అక్కడ గొలుసు 260 వోల్టుల దగ్గర ఉంటుంది, మెయిన్స్ శిఖరం 325. మధ్యలో మిగిలిందంతా ఐసీ వేడిగా కాల్చాలి. 18 వోల్టుల ఎల్‌ఈడీ ఒకటి తీసేస్తే ఆ మోత కూడా ఐసీ మీదే పడుతుంది, వారానికే పోతుంది. అలాంటిదానికి వేరే చచ్చిన బల్బు నుంచి అదే వోల్టేజీ ఎల్‌ఈడీ పీకి వేయాలి. అల్యూమినియం బోర్డు వేడినంతా లాగేస్తుంది, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఒక్కదానికీ లొంగదు. పాత ఇస్త్రీ పెట్టెను తిరగేసి నిలబెట్టి, దాని మీద బోర్డును వేడెక్కనిచ్చి, పైనుంచి ఐరన్ తగిలిస్తే టంకం కరుగుతుంది. ప్లస్, మైనస్ గుర్తు ముందే రాసుకోవాలి.

అసలు మందు: కరెంటు తగ్గించడం

ఒకటి పోయిందంటే మిగతా పదీ అంతే అలసి ఉన్నాయని అర్థం. ఎల్‌ఈడీ మార్చి వదిలేస్తే మూడు నెలలకు పక్కది పోతుంది. బల్బు విప్పినప్పుడే చేయాల్సిన పని ఇంకోటుంది. ఐసీ పక్కన రెండు చిన్న ఎస్ఎండీ (తీగ కాళ్లు లేకుండా బోర్డు మీదే అతికే) రెసిస్టర్లు జంటగా ఉంటాయి. వాటి మీద 3ఆర్3, 6ఆర్8 లాంటి అంకెలుంటాయి, అంటే 3.3 ఓములు, 6.8 ఓములు. ఎల్‌ఈడీలకు ఎంత కరెంటు పోవాలో ఐసీకి చెప్పేవి ఇవే. రెండూ పక్కపక్కన కలిస్తే 2.2 ఓములు. బీపీ2831 జాతి ఐసీ ఈ రెసిస్టర్ల మీద 400 మిల్లీవోల్టులు రాగానే స్విచ్చి ఆపుతుంది: శిఖరం 180 మిల్లీ ఆంపియర్లు, సగటు అందులో సగం, 90. తొంభైని 99 వోల్టులతో హెచ్చిస్తే మన 9 వాట్లు.

ఇప్పుడు పెద్ద అంకె ఉన్న 6ఆర్8ను పీకేయండి. మిగిలింది 3.3 ఓములు. కరెంటు 60 మిల్లీ ఆంపియర్లు, ఎల్‌ఈడీల మీద సుమారు 6 వాట్లు. ఒకే రెసిస్టర్ ఉంటే దానికి ఒకటిన్నర రెట్లు విలువున్నది వేయాలి. వెలుతురు సరిగ్గా మూడో వంతు పడిపోదు, చల్లటి చిప్పు అదే కరెంటుకు కాస్త ఎక్కువ వెలుతురిస్తుంది. గదిలో నిలబడి చూస్తే తేడా కనిపెట్టడం కష్టమే. వేడి లెక్క మాత్రం బాగా మారుతుంది. గది 35 డిగ్రీలు, లోపల 95 అనుకుంటే పెరుగుదల 60. మూడో వంతు తగ్గితే 40, అంటే లోపల 75. పైన రాసిన కెపాసిటర్ వరసలో 95 నుంచి 75కు రండి: 4,000 గంటలు కాస్తా 16,000 అయింది. ఒక్క రెసిస్టర్ పీకినందుకు. వారంటీ ఉన్న బల్బుకు మాత్రం ఈ పని వద్దు, వారంటీ పోతుంది. కెపాసిటర్ ఉబ్బి ఉంటే అదే విలువలో 105 డిగ్రీలు, 8,000 లేదా 10,000 గంటల రకం వేయండి. లావు పెరుగుతుంది కాబట్టి మెడలో పడుతుందో లేదో ముందే కొలుచుకోవాలి.

ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నాటి బల్బు ఇప్పటికీ వెలుగుతోందని అందరూ చెప్పుకుంటారు. అది వెలిగేది రాత్రి దీపమంత మసకగా, అందుకే బతికింది. 1924లో జెనీవాలో ఫీబస్ పేరుతో బల్బు కంపెనీలు కూటమి కట్టి ఆయుష్షును 1,000 గంటలకు కుదించడం, అంతకన్నా ఎక్కువ మన్నే బల్బులు చేసిన సభ్యులకు జరిమానా వేయడం కూడా నిజమే. ఎల్‌ఈడీ విషయంలో అంత కుట్ర అక్కర్లేదు. పెట్టె మీద వాట్లు, ల్యూమెన్లు (వెలుతురు కొలత), ధర చూసి కొంటున్నంతకాలం తక్కువ చిప్పుల్ని ఎక్కువ దంచడమే లాభం. అడిగేవాడుంటే మంచిది చేయడం వాళ్లకు రాక కాదు. 2016లో దుబాయ్ మునిసిపాలిటీ అడిగితే ఫిలిప్స్ దుబాయ్ ల్యాంప్ చేసిచ్చింది. 3 వాట్లకు 600 ల్యూమెన్లు, వాటుకు 200. ఎక్కువ ఎల్‌ఈడీ ఫిలమెంట్లు పెట్టి ఒక్కోదానికి తక్కువ కరెంటు ఇవ్వడమే అందులోని కిటుకు. మన కొట్లలో వాటుకు 100 చుట్టూ ఉంటుంది. గల్ఫ్ నుంచి వచ్చే చుట్టాలను సెంటు సీసాలకు బదులు ఇవి అడగడం మేలు.

పెట్టే చోటు, కొనే పద్ధతి

మూసిన డోములో 9 వాట్ల బల్బు వద్దు, 5 వాట్లది పెట్టండి, లేదా డోము పైఅంచున గాలాడే సందు వదలండి. బ్రాకెట్ హోల్డర్‌లో స్ప్రింగు బలహీనపడి లోపల చిటచిటమంటుంటే బల్బు కన్నా ముందు హోల్డర్ మార్చాలి. ఆ నిప్పురవ్వ ప్రతిదీ డ్రైవర్‌కు దెబ్బే. బల్బు పిన్నులు నల్లబడి గుంటలు పడ్డాయంటే అదే గుర్తు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పైన చెప్పిన ఫిల్మ్ కెపాసిటర్ రకం బల్బులు త్వరగా పోతాయి, అలాంటి ఇంట్లో ఐసీ డ్రైవర్ ఉన్నవే వాడాలి. ఆపినా రాత్రంతా మినుకుమంటుంటే బల్బు తప్పు కాదు. స్విచ్చిలో ఇండికేటర్ దీపం ఉండి ఉంటుంది, లేదా ఎలక్ట్రీషియన్ స్విచ్చిని ఫేజుకు బదులు న్యూట్రల్‌కు పెట్టి ఉంటాడు. రెండోది ప్రాణం మీదికి వచ్చే తప్పు, వెంటనే సరిచేయించాలి.

కొనేటప్పుడు ల్యూమెన్లను వాట్లతో భాగించండి. 9 వాట్లకు 1,000 పైన ల్యూమెన్లు ఉన్నది, 810 ఉన్నదాని కన్నా చల్లగా నడుస్తుంది. వోల్టేజీ రేంజ్ 100 నుంచి 300 అని, సర్జ్ (ఒక్కసారిగా ఎగదన్నే వోల్టేజీ) రక్షణ ఇన్ని కిలోవోల్టులని రాసి ఉండాలి. ఎండాకాలం ఈదురుగాలులకు లైన్లు తగులుకునే ఊళ్లలో ఈ సర్జ్ అంకె అన్నిటికన్నా ముఖ్యం. బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు లేనిది కొనకండి. కొన్న తేదీని మార్కర్‌తో బల్బు మెడ మీదే రాసి, బిల్లును ఫోటో తీసి పెట్టుకోండి. వారంటీలో ఉండి కూడా అడగక పారేసే బల్బులే ఎక్కువ.

టీవీలో కూడా ఇదే జబ్బు

మాట వస్తోంది, బొమ్మ లేదు: ఎల్‌ఈడీ టీవీలో చాలా మామూలు ఫిర్యాదు. చీకట్లో తెరకు టార్చి ఆనించి చూస్తే బొమ్మ మసగ్గా కదులుతుంటుంది. పానెల్ బాగానే ఉంది, వెనక వెలుతురిచ్చే ఎల్‌ఈడీ పట్టీ పోయింది. కారణం బల్బు కథే, కంపెనీ నుంచి వచ్చేటప్పుడే బ్యాక్‌లైట్ వందకు వంద. కొన్న రోజే మెనూలో వివిడ్, డైనమిక్ తీసేసి బ్యాక్‌లైట్‌ను 50, 60కి దించాలి. బ్రైట్‌నెస్ అనే మీట వేరు, చాలా టీవీల్లో అది నలుపు ఎంత నల్లగా ఉండాలో మార్చుతుందే తప్ప ఎల్‌ఈడీల మోత తగ్గించదు.

పట్టీ పోతే ఒక్కటి మార్చనివ్వొద్దు, మొత్తం సెట్టు మార్చించాలి. ఎల్‌ఈడీ 3 వోల్టులదా 6 వోల్టులదా, పట్టీకి ఎన్ని అన్నది సరిచూడకుండా వేస్తే తెర క్షణం వెలిగి ఆరిపోతుంది. పానెల్‌ను ఇద్దరు పట్టుకుని లేపాలి. అంచున ఉన్న పల్చటి రిబ్బన్లలో ఒక్కటి చినిగినా నిలువు గీతలు పడతాయి, ఇక ఆ టీవీకి డబ్బు పెట్టడం దండగ. తెర మీద అక్కడక్కడ రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చలుంటే ఎల్‌ఈడీల మీది లెన్సులు వేడికి జిగురు వదిలి ఊడాయని లెక్క. మచ్చలతోనే టీవీ నెలల తరబడి నడుస్తుంది. పట్టీల కోసం విప్పిన రోజే లెన్సులన్నీ వేలితో కదిపి చూసి, వదులైనవి అతికించమని మెకానిక్కుకు ముందే చెప్పండి, వాటి కోసం పానెల్ రెండోసారి లేపే పని పెట్టుకోకుండా.